గేటు ముందే ఎందుకు లేచింది? మైక్రోకంట్రోలర్ లోపలికి చూపే సాధనాలు

రైల్వే వాళ్ల భాషలో ‘ట్రాఫిక్’ అంటే రోడ్డు మీది వాహనాల రద్దీ కాదు, రైళ్లను నడిపించే విభాగం. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఒక పేటకు కూడా ఆ పేరే ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పని కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో తరాలుగా ఉంటున్నాయి. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో నిర్ణయించడానికి ఇక్కడి తెలుగువారే ముఖ్య కారణం. ఇంట్లో ఎవరో ఒకరు సిగ్నలు, పాయింటు, లూప్ లైను అనే మాటలు రోజూ వాడే చోటు ఇది. ఇక్కడ మైక్రోకంట్రోలర్ గురించి చెప్పాలంటే ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కర్లేదు.

అలాంటి ఒక ఇంట్లో ఇంజనీరింగ్ చదువుతున్న అమ్మాయి బొమ్మ లెవెల్ క్రాసింగ్ గేటు తయారు చేసిందనుకుందాం. గేటుకు ఒకవైపు పట్టాల పక్కన ఒక ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్, రెండోవైపు మరొకటి. మొదటి సెన్సర్ ముందు నుంచి చక్రం వెళితే లెక్క ఒకటి పెరుగుతుంది. రెండోదాన్ని దాటితే ఒకటి తగ్గుతుంది. లెక్క మళ్లీ సున్నాకు వస్తే రైలు వెళ్లిపోయినట్టే. అప్పుడు సర్వో మోటారు గేటు ఎత్తుతుంది. వీటన్నిటినీ నడిపేది ఒక ఆర్డ్యునో ఊనో బోర్డు. లెక్క చూపడానికి చిన్న ఎల్‌సీడీ తెర. అసలు రైల్వేలో వాడే యాక్సిల్ కౌంటర్ మూలసూత్రం కూడా ఇదే. లోపలికి వెళ్లిన ఇరుసులన్నీ బయటికి వస్తేనే ఆ పట్టా ఖాళీ అని లెక్క.

బొమ్మ బాగానే పనిచేస్తుంది. కానీ పొడవైన రైలు కట్టినప్పుడు మాత్రం, అదీ అన్నిసార్లూ కాదు, చివరి పెట్టె ఇంకా గేటు దగ్గర ఉండగానే గేటు లేచిపోతుంది. ప్రోగ్రామ్ ఎన్నిసార్లు చదివినా తప్పు కనబడదు. ఇక్కడి నుంచే డీబగ్గింగ్ సాధనాల అవసరం మొదలవుతుంది.

రిలే గదిలో కనిపించేది, చిప్పులో కనిపించనిది

ఇంట్లోని కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ తప్పుగా నడిస్తే తెర మీద ఏదో ఒక సందేశం వస్తుంది. మైక్రోకంట్రోలర్‌కు సొంత తెర ఉండదు, కీబోర్డు ఉండదు. వేలిగోరంత చిప్పులో ప్రాసెసర్, జ్ఞాపకశక్తి, బయటి తీగలతో మాట్లాడే భాగాలు అన్నీ కలిసి ఉంటాయి. వాషింగ్ మెషీన్‌లో, ఇన్వర్టర్‌లో, కారు బ్రేకుల్లో, విద్యుత్ మీటర్‌లో అది మౌనంగా తన పని చేసుకుపోతుంది. తప్పు చేసినా మౌనంగానే చేస్తుంది.

పాత రైల్వే సిగ్నలింగ్‌లో ఈ ఇబ్బంది ఇంతగా ఉండేది కాదు. రిలే గదిలోకి వెళితే వరసగా వందల రిలేలు, ఒక్కోదానికి ఒక పేరు, పైన పారదర్శకమైన మూత. రిలే లేచిందో పడిందో కంటితో చూడొచ్చు. లేచినప్పుడు టక్కున శబ్దం కూడా వస్తుంది. సర్క్యూట్ డ్రాయింగ్ పక్కన పెట్టుకుని, మీటర్‌తో ఒక్కో చోట వోల్టేజీ చూసుకుంటూ పోతే కరెంటు ఎక్కడ ఆగిందో దొరుకుతుంది. ‘బగ్’ అనే మాటకు అందరూ చెప్పుకునే పురుగు కథ కూడా రిలేదే. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్-2 యంత్రంలో ఒక రిలే మధ్య చిక్కుకున్న చిమ్మట దొరికింది. దాన్ని తీసి లాగ్ పుస్తకంలో అతికించారు. ఇంజనీర్లు లోపాన్ని బగ్ అనడం అంతకు చాలా ముందునుంచే ఉంది. ఆ రోజు విశేషమల్లా బగ్ చేతికి దొరకడమే.

2013లో ఖరగ్‌పూర్ యార్డు సిగ్నలింగ్ మైక్రోప్రాసెసర్ల మీద నడిచే సాలిడ్ స్టేట్ ఇంటర్‌లాకింగ్‌కు మారింది. ఇంటర్‌లాకింగ్ అంటే, పాయింట్లు సరిగా పడకుండా, ఎదుటి దారి మూసుకోకుండా ఏ సిగ్నలూ ఇవ్వనివ్వని తర్కం. పాత పద్ధతిలో ఆ తర్కం రిలేల మధ్య తీగల రూపంలో ఉండేది. కొత్త పద్ధతిలో అది ప్రోగ్రామ్. చోటు కలిసొచ్చింది, కేబుళ్లు తగ్గాయి, మార్పులు తేలికయ్యాయి. పోయినది ఒక్కటే. తర్కం జరుగుతున్నప్పుడు దాన్ని కంటితో చూసే వీలు. డీబగ్గింగ్ సాధనాలన్నీ ఒక రకంగా ఆ చూపును తిరిగి తెచ్చుకునే ప్రయత్నాలే.

చూడటానికి పట్టే సమయం

అందరికీ ముందుగా అందేది ఒక ఎల్‌ఈడీ. ప్రోగ్రామ్ ఫలానా చోటికి వచ్చిందని తెలియాలంటే అక్కడ ఎల్‌ఈడీ వెలిగించే ఆదేశం పెడతారు. తర్వాతి మెట్టు సీరియల్ మానిటర్. లెక్క ఎంత ఉందో మాటల్లో పంపమని ప్రోగ్రామ్‌కు చెబితే యూఎస్‌బీ తీగ గుండా అది కంప్యూటర్ తెర మీద కనిపిస్తుంది. ఆర్డ్యునోతో మొదలుపెట్టిన దాదాపు ప్రతి ఒక్కరూ ఈ ప్రింట్ పద్ధతినే వాడతారు. ఇది తక్కువరకం పద్ధతి అని కొట్టిపారేసేవాళ్లున్నారు కానీ, చాలా తప్పులు దీనితోనే దొరుకుతాయి.

అయితే దీనికి సమయం రూపంలో ఒక ఖర్చుంది. సీరియల్ వేగం సెకనుకు 9600 బిట్లు అనుకుందాం. ఒక అక్షరం పంపడానికి 10 బిట్లు కావాలి, అంటే ఒక మిల్లీసెకను కాస్త పైన. 20 అక్షరాల సందేశానికి దాదాపు 20 మిల్లీసెకన్లు. ఆర్డ్యునో ఆ అక్షరాలను ముందు ఒక చిన్న బఫర్‌లో వేసుకుని తీరిగ్గా పంపుతుంది కాబట్టి మొదట్లో తేడా తెలియదు. బఫర్ నిండిన తర్వాత మాత్రం ప్రోగ్రామ్ అక్కడే నిలబడి ఖాళీ కోసం ఎదురుచూస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలు 20 మిల్లీసెకన్లలో అర మీటరు పైగా ముందుకు పోతుంది. చక్రాలు లెక్కపెట్టే ప్రోగ్రామ్‌కు ఇది చిన్న ఆలస్యమేమీ కాదు.

అందుకే మన బొమ్మ గేటు ప్రోగ్రామ్‌లో ఒక చోట ప్రింట్ పెడితే తప్పు మాయమవుతుంది. మరో చోట పెడితే ప్రతిసారీ వస్తుంది. చూడబోతే మారిపోయే ఇలాంటి తప్పులకు భౌతిక శాస్త్రవేత్త హైసెన్‌బర్గ్ పేరు మీద ‘హైసెన్‌బగ్’ అని సరదా పేరు ఉంది. విసుగు పుట్టించే మాట నిజమే. కానీ ఇదే పెద్ద ఆధారం కూడా. ప్రింట్ పెట్టినప్పుడు తప్పు కదిలిందంటే, ఆ తప్పు లెక్కలో లేదు, సమయంలో ఉంది అని అర్థం.

సమయం తినకుండా చూడటానికి ఒక ఉపాయం ఉంది. సందేశాన్ని అప్పటికప్పుడు బయటికి పంపకుండా, జరిగిన ప్రతి ఘటనకు ఒక చిన్న అంకెను చిప్పులోని జ్ఞాపకశక్తిలోనే వరసగా రాసుకుంటూ పోవాలి. చోటు నిండితే మళ్లీ మొదటినుంచి రాయాలి. ఒక్కో రాతకు ఒకటి రెండు మైక్రోసెకన్లు చాలు. గేటు తప్పుగా లేచిన క్షణంలో రాయడం ఆపి, అప్పుడు తీరిగ్గా చదువుకోవచ్చు. విమానాల్లోని బ్లాక్ బాక్స్ కూడా ఇలాంటిదే.

ఈ పద్ధతి మరో గ్రహం మీద కూడా ఆదుకుంది. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన నాసా పాత్‌ఫైండర్ నౌక కొద్ది రోజులకే తనంతట తాను రీసెట్ అవడం మొదలుపెట్టింది. వాతావరణ కొలతలు తీసే తక్కువ ప్రాధాన్యం గల పని ఒక ఉమ్మడి వనరును పట్టుకుని ఉండగా, మధ్యస్థ ప్రాధాన్యం గల పనులు దాన్ని ముందుకు కదలనివ్వలేదు. దాంతో ఎక్కువ ప్రాధాన్యం గల పని ఆ వనరు కోసం ఎదురుచూస్తూ ఆగిపోయింది. అది సమయానికి పూర్తికాకపోవడంతో కాపలా వ్యవస్థ కంప్యూటర్‌ను మళ్లీ మొదలుపెట్టేది. భూమి మీద ఉంచుకున్న నకలులో ఇంజనీర్లు అదే తప్పును మళ్లీ పుట్టించారు. ఘటనలను వరసగా నమోదు చేసే సదుపాయంతో కారణం పట్టుకుని, ఒక చిన్న మార్పును రేడియో ద్వారా పంపి సరిచేశారు. నమోదు చేసే ఆ భాగాన్ని ప్రయోగానికి ముందు ‘ఇక అవసరం లేదు’ అని తీసేయకపోవడం వాళ్లకు కలిసొచ్చింది.

చిప్పు లోపలికి ఒక తలుపు

1980లలో సర్క్యూట్ బోర్డుల మీద చిప్పులు ఎంత దగ్గరదగ్గరగా వచ్చాయంటే, ప్రతి టంకం దగ్గర సూది ఆనించి పరీక్షించడం కుదరకుండా పోయింది. దానికి పరిష్కారం కోసం 1985లో కొన్ని కంపెనీలు కలిసి జేట్యాగ్ అనే బృందాన్ని ఏర్పాటు చేశాయి. నాలుగైదు తీగలతో చిప్పు లోపలినుంచే దాని కాళ్ల స్థితిని చదివే పద్ధతిని ఆ బృందం రూపొందించింది. 1990లో అది ఐఈఈఈ 1149.1 ప్రమాణం అయింది. టంకాలు చూడటానికి పెట్టిన ఆ తలుపు గుండానే ప్రాసెసర్ లోపలికి తొంగిచూడొచ్చని తర్వాత కంపెనీలు గ్రహించాయి. ఇప్పుడు ఆర్మ్ కార్టెక్స్-ఎం రకం మైక్రోకంట్రోలర్లలో ఎస్‌డబ్ల్యూడీ అనే పద్ధతికి సంకేతాల తీగలు రెండే సరిపోతాయి.

ఈ తలుపుకు కలిపే పరికరమే డీబగ్గర్. దానితో ముఖ్యంగా రెండు పనులు చేయొచ్చు. ప్రోగ్రామ్‌లో ఫలానా వరుసకు రాగానే ఆగిపొమ్మని చెప్పడం బ్రేక్‌పాయింట్. జ్ఞాపకశక్తిలో ఫలానా గడిని ఎవరు ముట్టుకున్నా ఆగిపొమ్మని చెప్పడం వాచ్‌పాయింట్. చిప్పులోనే కొన్ని పోలిక సర్క్యూట్లు ఈ కాపలా కాస్తుంటాయి కాబట్టి, వీటిని కావలసినన్ని పెట్టుకోలేం. కార్టెక్స్-ఎం3లో సాధారణంగా 6 బ్రేక్‌పాయింట్లు, 4 వాచ్‌పాయింట్లు. మన గేటు సమస్యకు సరిగ్గా పనికొచ్చేది వాచ్‌పాయింట్. ‘లెక్క’ అనే గడిని మారుస్తున్నది ఎవరెవరో అది ఒక్కొక్కరినీ పట్టిస్తుంది.

ఊనో బోర్డులోని చిప్పుకు కూడా ఇలాంటి తలుపు ఉంది. అయితే అది రీసెట్ పిన్ను మీదే ఉంది, బోర్డు మీద ఆ పిన్నుకు కలిపిన కెపాసిటర్ దానికి అడ్డు. అందుకే ఊనో వాడేవాళ్లు ప్రింట్‌తో సరిపెట్టుకుంటారు. ఎస్‌టీ కంపెనీ న్యూక్లియో బోర్డుల్లో డీబగ్గర్ బోర్డు మీదే వస్తుంది. రాస్ప్‌బెర్రీ పై పికో వాడేవారు రెండో పికోనే డీబగ్గర్‌గా మార్చుకోవచ్చు. కంప్యూటర్ వైపు కావలసిన జీడీబీ, ఓపెన్ ఓసీడీ ఉచితం. ప్రింట్‌తో వారం రోజులు కుస్తీ పట్టేకన్నా ఒక రోజు కూర్చుని డీబగ్గర్ నేర్చుకోవడం మేలని నా అభిప్రాయం.

దీనికీ ఒక హద్దుంది. బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగేది ప్రాసెసర్ మాత్రమే, రైలు ఆగదు. ప్రోగ్రామ్ నిలిచి ఉన్న రెండు నిమిషాల్లో దాటిపోయిన చక్రాలు లెక్కలోకి రావు. మోటారు నడుపుతున్న ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపితే మోటారు అదే స్థితిలో కరెంటు లాగుతూ వేడెక్కొచ్చు. కాబట్టి నడుస్తున్న యంత్రం మీద బ్రేక్‌పాయింట్ వాడటం వివేకం కాదు. తయారై అమ్మకానికి వెళ్లే పరికరాల్లో ఈ తలుపుకు తాళం కూడా వేస్తారు. మనం లోపలికి చూడగలిగితే దొంగా చూడగలడు, ప్రోగ్రామ్‌ను మార్చనూగలడు.

తీగ మీద ఏముంది?

లాజిక్ ఎనలైజర్ ప్రాసెసర్‌ను అసలు ముట్టుకోదు. పిన్నుల మీద వోల్టేజీ ఎప్పుడు లేచింది, ఎప్పుడు పడింది అని ఎనిమిదో పదహారో తీగల మీద ఒకేసారి గీతలు గీస్తుంది. ఎనిమిది తీగలవి చౌకగానే దొరుకుతాయి. పల్స్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఆ గీతలు చూడొచ్చు. ఇంటరప్ట్ మొదలైనప్పుడు ఒక ఖాళీ పిన్నును పైకి లేపి, అయిపోగానే దించేలా రాస్తే, ప్రోగ్రామ్ లోపలి సమయం కూడా బయటి గీతల్లో కనిపిస్తుంది. పిన్ను లేపడానికి పట్టే సమయం మైక్రోసెకను కన్నా చాలా తక్కువ. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత చూపించే ఉపాయం మరొకటి లేదేమో.

లాజిక్ ఎనలైజర్‌కు తెలిసినవి ఒకటి, సున్నా మాత్రమే. వోల్టేజీ అసలు ఆకారం కావాలంటే ఆసిలోస్కోప్ ఉండాలి. గేటు మోటారు కదలడం మొదలుపెట్టే క్షణంలో చాలా కరెంటు లాగుతుంది. సరఫరా బలంగా లేకపోతే 5 వోల్టులు ఒక్కసారి కిందికి జారి, చిప్పు రీసెట్ అవుతుంది. రీసెట్ అయితే లెక్క సున్నా. సున్నా అంటే పట్టా ఖాళీ. గేటు లేస్తుంది! పైకి చూస్తే అదే లక్షణం, కారణం మాత్రం వేరు. దీన్ని ఆసిలోస్కోప్ లేకుండా కూడా అనుమానించొచ్చు. చాలా మైక్రోకంట్రోలర్లలో, కిందటిసారి రీసెట్ ఎందుకు అయిందో చెప్పే ఒక గడి ఉంటుంది. కరెంటు పోయిందా, వోల్టేజీ పడిందా, కాపలా వ్యవస్థ రీసెట్ చేసిందా అన్నది అందులో ఉంటుంది. ప్రోగ్రామ్ మొదలవగానే దాన్ని చదివి పెట్టుకోవడం దమ్మిడీ ఖర్చు లేని డీబగ్గింగ్. అసలు యాక్సిల్ కౌంటర్లు ఈ ప్రమాదాన్ని ఇంకో వైపునుంచి అడ్డుకుంటాయి. కరెంటు పోయి వస్తే అవి పట్టాను ‘ఖాళీ’గా కాక ‘రైలు ఉంది’ అనే చూపిస్తాయి. మనిషి వచ్చి నిర్ణీత పద్ధతిలో రీసెట్ చేసేదాకా అలాగే ఉంటాయి.

మూడు ఆదేశాల మధ్య సందు

ఇప్పుడు మన గేటు తప్పును పట్టుకుందాం. రీసెట్ కారణం గడి శుభ్రంగా ఉంది, కాబట్టి వోల్టేజీ కాదు. లాజిక్ ఎనలైజర్ గీతల్లో రెండు సెన్సర్ల సంకేతాలూ సరిగ్గానే ఉన్నాయి, కాబట్టి సెన్సర్లు కాదు. జ్ఞాపకశక్తిలో రాసుకున్న ఘటనల చిట్టా చూస్తే ఒక వింత కనిపిస్తుంది. లెక్క 5 నుంచి 6 అయింది, వెంటనే 4 అయింది. 5 ఎక్కడికి పోయింది?

లోపలికి వచ్చే చక్రాన్ని లెక్కించేది ఇంటరప్ట్. అంటే సెన్సర్ సంకేతం రాగానే చేస్తున్న పని ఆపి, ముందు దీన్ని చూసి, మళ్లీ వెనక్కి వెళ్లే ఏర్పాటు. బయటికి వెళ్లే చక్రాన్ని ప్రధాన ప్రోగ్రామ్ చూసుకుంటుంది. అది లెక్కను చదివి (5), ఒకటి తీసేసి (4), ఎల్‌సీడీ మీద చూపి, తర్వాత తిరిగి గడిలో రాస్తుంది. ఎల్‌సీడీ మీద రాయడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ మధ్యలో కొత్త చక్రం వస్తే ఇంటరప్ట్ గడిని 6 చేసి వెళ్లిపోతుంది. ప్రధాన ప్రోగ్రామ్‌కు ఆ సంగతి తెలియదు. తన చేతిలో ఉన్న 4నే గడిలో రాసేస్తుంది. ఒక చక్రం పుస్తకంలోంచి చెరిగిపోయింది. ఒకే ఖాతాను ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి దిద్దినట్టు. రైలు పొడవుగా ఉండి, ఒక చివర చక్రాలు వస్తూ రెండో చివర వెళుతూ ఉన్నప్పుడే ఇది జరగగలదు. తప్పు పొడవైన రైళ్లకే ఎందుకు వచ్చిందో తెలిసింది.

ఇక్కడ చాలామంది చేసే పని, ఎల్‌సీడీ ఆదేశాన్ని పక్కకు జరపడం. ‘లెక్క = లెక్క – 1’ అని ఒకే వరుసలో రాసేస్తారు. గేటు ఇక తప్పు చేయదు. రోజంతా నడిపినా చేయదు. కానీ మనం రాసిన ఆ ఒక్క వరుస చిప్పుకు మూడు ఆదేశాలు: చదువు, తీసివెయ్యి, రాయి. ఊనో 16 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, అంటే ఒక్కో గడియార స్పందన 62.5 నానోసెకన్లు. చదవడానికీ రాయడానికీ మధ్య సందు మూడు స్పందనలు అనుకుంటే సుమారు 0.2 మైక్రోసెకను. చక్రాలు 100 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున వస్తుంటే, ఒక చక్రం సరిగ్గా ఆ సందులో పడే అవకాశం 5 లక్షల్లో ఒకటి. వంద మిల్లీసెకన్లు ఊరికే అన్న అంకె కాదు. ఐసీఎఫ్ బోగీలో రెండు ఇరుసుల మధ్య దూరం 2.896 మీటర్లు. 100 కిలోమీటర్ల వేగంలో ఆ దూరానికి పట్టే సమయం అంతే.

ఈ ప్రోగ్రామ్‌ను ఎవరైనా అసలు గేటుకు పెట్టారనుకోండి. 22 పెట్టెలకు 88 ఇరుసులు, ఇంజనుకు 6, మొత్తం 94. 5 లక్షల ఇరుసులంటే దాదాపు 5,300 రైళ్లు. రోజుకు 50 రైళ్లు వెళ్లే గేటు దగ్గర ఈ తప్పు మూడున్నర నెలలకోసారి వస్తుంది. పరీక్షల్లో దొరకదు. వచ్చినప్పుడు ఎవరూ కారణం చెప్పలేరు. మళ్లీ పరీక్షిస్తే మళ్లీ దొరకదు. తప్పు పోలేదు, అరుదైంది, అంతే. నా దృష్టిలో రోజూ కనిపించే తప్పు కన్నా ఇది ఎక్కువ ప్రమాదకరం.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఇంటరప్ట్ బయటికి వెళ్లే చక్రాలను, ప్రధాన ప్రోగ్రామ్ లోపలికి వచ్చేవాటిని లెక్కించేలా రాసి ఉంటే, ఇదే తప్పు వల్ల లెక్క ఒకటి ఎక్కువగా మిగిలేది. గేటు లేవకుండా ఉండిపోయేది. జనం తిట్టుకుంటారు, కానీ బతికి ఉంటారు. రైల్వే ఇంజనీర్లు ‘ఫెయిల్ సేఫ్’ అనేది దీన్నే. తప్పు జరిగినా అది సురక్షితమైన వైపుకే జరగాలి.

సరైన మందు ఏమిటంటే, వచ్చినవాటికి ఒక లెక్క, వెళ్లినవాటికి ఒక లెక్క విడిగా ఉంచడం. మొదటిదాన్ని ఇంటరప్ట్ తప్ప ఎవరూ రాయరు, రెండోదాన్ని ప్రధాన ప్రోగ్రామ్ తప్ప ఎవరూ రాయరు. రెండూ సమానమైతే పట్టా ఖాళీ. ఒక బైటు గడి వాడితే 255 దాటగానే మళ్లీ సున్నా వస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి. స్విట్జర్లాండ్ రైల్వే నిబంధనల్లో ఒక రైలుకు సరిగ్గా 256 ఇరుసులు ఉండకూడదని రాసి ఉంది. కారణం ఊహించడం కష్టం కాదు.

మందు పనిచేసిందని తెలుసుకోవడానికి మూడున్నర నెలలు ఆగాలా? అక్కర్లేదు. రెండో బోర్డు ఒకటి తీసుకుని, దానితో సెన్సర్ల బదులు ఉత్తుత్తి చక్రాల సంకేతాలు పంపాలి. మిల్లీసెకనుకు ఒకటి, వ్యవధిని కొద్దిగా అటూ ఇటూ మారుస్తూ. అప్పుడు సందులో పడే అవకాశం 5 వేలల్లో ఒకటి అవుతుంది. పాత ప్రోగ్రామ్ సగటున ఐదు సెకన్లకోసారి తప్పు చేస్తుంది. కొత్తది గంటసేపు నడిపినా లెక్క తప్పకపోతే, అప్పుడు నమ్మకం పెట్టుకోవచ్చు.

బహనాగా బజార్

2023 జూన్ 2 సాయంత్రం, షాలిమార్ నుంచి చెన్నై వెళ్లే కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఖరగ్‌పూర్, బాలాసోర్ దాటి బహనాగా బజార్ స్టేషన్‌కు చేరుకుంది. విశాఖకు, ఏలూరుకు, విజయవాడకు వెళ్లే తెలుగువారు ఎక్కే రైలు అది. స్టేషన్ ఒడిశాలో ఉన్నా ఖరగ్‌పూర్ డివిజన్ కిందికే వస్తుంది. మెయిన్ లైన్‌లో నేరుగా వెళ్లమని సిగ్నల్ పచ్చగా ఉంది. కానీ 17-ఎ/బి క్రాసోవర్ పాయింట్లు లూప్ లైన్ వైపు పడి ఉన్నాయి. రైలు లూప్‌లోకి వెళ్లి అక్కడ నిలిచి ఉన్న గూడ్సును ఢీకొంది. పట్టాలు తప్పిన పెట్టెలు ఎదురుగా వస్తున్న బెంగళూరు–హౌరా రైలుకు తగిలాయి. 290 మందికి పైగా చనిపోయారు.

రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలిన సంగతిని ప్రభుత్వం 2023 జులైలో రాజ్యసభకు తెలిపింది. స్టేషన్‌కు ఉత్తరాన ఉన్న సిగ్నల్ గుమ్టీలో 2018లో చేసిన సర్క్యూట్ మార్పులో లోపం, ఆపై 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటు ఎలక్ట్రిక్ బారియర్ మార్చే పనిలో లోపం. ప్రోగ్రామ్ తప్పని ఎవరూ అనలేదు. తర్కం తనకు అందిన సమాచారాన్ని బట్టే నడిచింది. అందిన సమాచారం ఒకటి, పట్టా మీద ఉన్న నిజం మరొకటి.

డీబగ్గింగ్ సాధనాల గురించి ఇంతసేపు చెప్పుకున్నదంతా ఇక్కడ మరో వెలుగులో కనిపిస్తుంది. మన స్టేషన్లలో డేటా లాగర్ అనే మైక్రోప్రాసెసర్ యంత్రం ఉంటుంది. ఏ రిలే ఎప్పుడు లేచింది, ఎప్పుడు పడింది అని సమయంతో సహా రాత్రింబవళ్లు రాసుకుంటుంది. ఒక రకంగా అది ఎన్నేళ్లయినా ఆపకుండా నడిచే లాజిక్ ఎనలైజర్. విచారణల్లో దాని చిట్టా విలువైన సాక్ష్యం. కానీ అది చదివేది తనకు కలిపిన కాంటాక్టులనే. ఆ కాంటాక్టుకూ పాయింటుకూ మధ్య తీగ తప్పు చోట కలిసి ఉంటే, తప్పుడు మాటనే అది ఎంతో కచ్చితమైన సమయంతో రాసిపెడుతుంది. ఆ రోజు ఇంటర్‌లాకింగ్ చిప్పుకు డీబగ్గర్ తగిలించి ఒక్కో ఆదేశం చూసినా అంతా సరిగ్గానే కనిపించి ఉండేది.

అదే విచారణ నివేదిక ఇంకో సంగతీ చెప్పింది. 2022 మే 16న ఇదే డివిజన్‌లోని బంక్రనయాబాజ్ స్టేషన్‌లో తప్పు వైరింగ్ వల్ల ఇలాంటి ఘటనే జరిగింది. అప్పుడే తప్పు వైరింగ్ సమస్యను సరిదిద్ది ఉంటే బహనాగా ప్రమాదం జరిగేది కాదని నివేదిక పేర్కొంది. ఏడాది ముందే చిట్టాలో పడిన ఘటన అది.

తీగ మార్చినప్పుడల్లా చేయవలసిన పరీక్ష ఒకటి రైల్వేలో ఉంది. దాన్ని కరస్పాండెన్స్ టెస్ట్ అంటారు. ఒకరు ప్యానెల్ దగ్గర ఉంటారు, ఇంకొకరు పాయింటు దగ్గరికి నడిచి వెళతారు. ప్యానెల్ దగ్గరి మనిషి పాయింటు తిప్పి తనకు కనిపించింది చెబుతాడు. పట్టా దగ్గరి మనిషి బ్లేడు ఏ వైపు ఆనిందో కళ్లారా చూసి చెబుతాడు. రెండు మాటలూ కలిస్తేనే సంతకం. దీనికి మైక్రోకంట్రోలర్ అక్కర్లేదు, టెలిఫోన్ చాలు. బొమ్మ గేటు కట్టిన అమ్మాయి కూడా సీరియల్ మానిటర్‌లో ‘గేటు మూసింది’ అని చదివినప్పుడు ఒకసారి తలెత్తి గేటు వైపు చూస్తే, ఆమె చేసినదీ ఆ పరీక్షే.